ఖండ ఫుట్‌బాల్ కప్పులు, మన జట్టు, మన హైదరాబాద్: పాలమూరు, నల్లగొండ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచకప్ వచ్చిందంటే చాలు, మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండ్‌లోనూ నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోనూ మెస్సీ, రొనాల్డో, ఎంబాపె జెర్సీలే కనబడతాయి. వాటితోపాటే ఒక ప్రశ్న కూడా వస్తుంది: మనోళ్ళు ఎందుకు లేరు? మన జట్టు ఎక్కడ ఆడింది, ఎంతదాకా వచ్చింది, ఎక్కడ వెనకబడింది అనేది ఆసియా కప్పు చరిత్ర చూస్తేనే తెలుస్తుంది. ఆ చరిత్రలో హైదరాబాద్ ఆటగాళ్ళు, కోచ్‌లు చాలామంది ఉన్నారు. ఈ సంగతి మన పిల్లలకు తెలియకుండా పోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఖండ ఛాంపియన్‌షిప్ అంటే ఏమిటి? ప్రపంచకప్‌తో దానికి సంబంధం ఉందా?

ఫిఫా కింద ఆరు సమాఖ్యలు ఉన్నాయి: ఆసియాకు ఏఎఫ్‌సీ, యూరప్‌కు యూఈఎఫ్ఏ, ఆఫ్రికాకు సీఏఎఫ్, దక్షిణ అమెరికాకు కాన్మెబాల్, ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాలకు కాన్కకాఫ్, పసిఫిక్ దీవులకు ఓఎఫ్‌సీ. ప్రతి సమాఖ్య తన జాతీయ జట్ల మధ్య సొంతంగా ఒక కప్పు నడుపుతుంది. స్కూల్ గేమ్స్‌లో మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు ఉంటాయి కదా. ఇక్కడ మాత్రం అలాంటి మెట్ల వరుస లేదు. ఖండ కప్పు గెలిచినంత మాత్రాన ప్రపంచకప్‌లో చోటు రాదు. దానికి వేరే క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడాల్సిందే.

అన్నిటికన్నా పాత కప్పు ఏది?

దక్షిణ అమెరికా వాళ్ళది. ఇప్పుడు కోపా అమెరికా అని పిలిచే ఆ కప్పు 1916లో మొదలైంది. అర్జెంటీనా స్వాతంత్ర్యం ప్రకటించుకుని వందేళ్ళు నిండిన సందర్భంగా బ్యూనస్ ఎయిరిస్‌లో అర్జెంటీనా, ఉరుగ్వే, బ్రెజిల్, చిలీ ఆడాయి. ఉరుగ్వే గెలిచింది. మొదటి ప్రపంచకప్‌కు అప్పటికి ఇంకా పద్నాలుగేళ్ళు ఉంది.

ఆ మొదటి టోర్నీలో జరిగిన ఒక సంఘటన పిల్లలకు తప్పక చెబుతుంటాను. ఉరుగ్వే తరఫున ఇసాబెలినో గ్రదీన్ అనే నల్లజాతి ఆటగాడు ఆడాడు. 4-0తో ఓడిపోయిన చిలీ, ఉరుగ్వే ‘ఆఫ్రికా వాళ్ళను’ ఆడించిందని ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు నిలబడలేదు. గ్రదీన్ ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. ఒక దేశపు జట్టులో ఎవరికి చోటు అనే వాదన జాతీయ ఫుట్‌బాల్ పుట్టుకతోనే వచ్చింది. ఉరుగ్వే దానికి మైదానంలోనే జవాబిచ్చింది.

2024లో కొలంబియాను 1-0తో ఓడించి అర్జెంటీనా 16వ కప్పు అందుకుంది. ఉరుగ్వేకు 15, బ్రెజిల్‌కు 9. ప్రపంచకప్పులు ఐదు గెలిచిన బ్రెజిల్ సొంత ఖండంలో మూడో స్థానంలో ఉందంటే చాలామంది నమ్మరు, కానీ లెక్క అదే.

ఆసియా కప్పు ఎప్పుడు మొదలైంది?

1956లో హాంకాంగ్‌లో. ఆడినవి నాలుగు జట్లే. దక్షిణ కొరియా గెలిచింది, 1960లో సొంతగడ్డ మీద మళ్ళీ గెలిచింది. తర్వాత జట్లు కొద్దికొద్దిగా పెరుగుతూ 1996లో 12, 2004లో 16, 2019లో 24 అయ్యాయి. పాత ఫలితాలను ఇప్పటివాటితో పోల్చేటప్పుడు ఈ అంకెలు మనసులో పెట్టుకోవాలి.

ఇండియా ఒకప్పుడు ఆసియాలో రెండో స్థానంలో నిలిచిందంటారు, నిజమేనా?

నిజమే. 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్పులో ఇండియా రన్నరప్. చునీ గోస్వామి కెప్టెన్. దక్షిణ కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో ఓడించి, ఇజ్రాయెల్ చేతిలో 0-2తో ఓడింది. కొరియా మీద అప్పలరాజు, ఇందర్ సింగ్ చెరో గోల్ కొట్టారు. ఇందర్ సింగ్ హాంకాంగ్ మీద కూడా ఒక గోల్ వేశాడు. గోల్ దగ్గర పీటర్ తంగరాజ్ నిలబడ్డాడు. ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే.

అయితే పూర్తి సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ కప్పులో ఆడింది నాలుగు జట్లే. రాజకీయ కారణాలతో చాలా దేశాలు తప్పుకున్నాయి. మన జోన్‌లో పోటీకి రావాల్సినవాళ్ళు వెనక్కి తగ్గడంతో క్వాలిఫయింగ్ మ్యాచ్ ఆడకుండానే ఇండియా అక్కడికి చేరింది. ఫైనల్ అంటూ వేరే మ్యాచ్ లేదు. అందరూ అందరితో ఆడారు, పాయింట్ల ప్రకారం రెండో స్థానం వచ్చింది.

ఇది విని కొందరు ‘అయితే అదేమంత గొప్ప కాదన్నమాట’ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. రెండుసార్లు వరుసగా ఆసియా కప్పు గెలిచిన కొరియాను రెండు గోల్స్ తేడాతో ఓడించడం చిన్న విషయమా? పైగా ఆ టోర్నీకి ఏడాది ముందే ఆ జట్టును తయారుచేసిన మనిషి చనిపోయాడు.

ఆ మనిషి ఎవరు? హైదరాబాద్‌తో సంబంధం ఏమిటి?

సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. రహీం సాబ్ అనేవాళ్ళు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నప్పుడు ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు, దేశంలోని పెద్ద క్లబ్ పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా క్లబ్బుల రాజ్యం నడుస్తున్న రోజుల్లో ఇది మామూలు విషయం కాదు.

ఆయన కోచ్‌గా ఉండగా ఇండియా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్ జట్టులో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో ఆట నేర్చుకున్నవాళ్ళే. బలరాంది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది ఆయనే.

రహీం సాబ్ కుర్రాళ్ళకు డ్రిబ్లింగ్ (బంతిని ఒక్కడే తన్నుకుంటూ పోవడం) లేకుండా పాస్‌లతోనే ఆడే పోటీలు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవాడు. ఇవాళ మన దగ్గర ఖర్చులేని ట్రైనింగ్ ఏముంది అని అడిగే కోచ్‌లకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. ఒక బంతి, ఒక గ్రౌండ్, ఒక నియమం. అంతే.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాతో ఆడిన ఫైనల్ ఆయన చివరి పెద్ద మ్యాచ్. అప్పటికే క్యాన్సర్ ముదురుతోంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని ఒక భారత అధికారి విమర్శించినందుకు అక్కడి జనం మన జట్టు మీద కోపంగా ఉన్నారు. స్టేడియం నిండా జనం కొరియా వైపే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉన్నాయి. రహీం అతణ్ణి ఫార్వర్డ్‌గా ఆడించాడు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలతోనే జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. ఇండియా 2-1తో గెలిచింది. 1963 జూన్‌లో రహీం సాబ్ చనిపోయారు.

ఆసియా క్రీడలు, ఆసియా కప్పు ఒకటేనా?

కాదు. ఆసియా క్రీడలు ఒలింపిక్స్ లాగా అన్ని ఆటలూ ఉండే పోటీ, అందులో ఫుట్‌బాల్ ఒకటి. ఆసియా కప్పు ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే ఖండ ఛాంపియన్‌షిప్. ఆసియా క్రీడల్లో మనకు 1951, 1962 స్వర్ణాలు, 1970 బ్యాంకాక్ కాంస్యం ఉన్నాయి. కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే. కుర్రాళ్ళ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 1974లో ఇండియా, ఇరాన్ సంయుక్త విజేతలు. అప్పటి కెప్టెన్ షబ్బీర్ అలీ కూడా హైదరాబాద్ వాడే.

1964 తర్వాత ఇండియా ఆసియా కప్పులో ఎన్నిసార్లు ఆడింది?

నాలుగుసార్లు. మొత్తం కలిపి ఐదు.

1984 సింగపూర్‌లో ఒక్క గోల్ కూడా రాలేదు. ఇరాన్‌తో 0-0 డ్రా ఒక్కటే చెప్పుకోదగ్గది. తర్వాత 27 ఏళ్ళు మన పేరే లేదు. 2011 ఖతార్‌లో ఆస్ట్రేలియా 0-4, బహ్రెయిన్ 2-5, కొరియా 1-4. స్కోర్లు చూస్తే తలకాయ దించుకోవాలనిపిస్తుంది. కానీ కొరియా మ్యాచ్‌లో గోల్‌కీపర్ సుబ్రతా పాల్ ఎన్ని బంతులు ఆపాడో చూసినవాళ్ళకు తెలుసు.

2019లో యూఏఈలో జరిగిన కప్పు మాత్రం నాకు ఇష్టమైనది. మొదటి మ్యాచ్‌లోనే థాయిలాండ్‌ను 4-1తో ఓడించారు. ఛెత్రి రెండు, అనిరుధ్ థాపా, జెజె చెరొకటి. 1964 తర్వాత ఆసియా కప్పులో మనకు అదే మొదటి గెలుపు. తర్వాత యూఏఈ చేతిలో 0-2. చివరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే నాకౌట్‌కు వెళ్ళేవాళ్ళం. తొంభై నిమిషాలు దాటాక పెనాల్టీ ఇచ్చారు, 0-1. ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

2023 కప్పులో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్థాన్, సిరియా మూడింటి చేతిలో ఓడి, ఒక్క గోల్ లేకుండా తిరిగొచ్చాం.

2011 కప్పుకు దారి హైదరాబాద్ నుంచే పడిందంటారు?

అవును. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ మన దగ్గర జరిగింది. ఆసియాలో వెనకబడిన జట్ల కోసం పెట్టిన టోర్నీ అది, గెలిస్తే నేరుగా ఆసియా కప్పుకు ప్రవేశం. మ్యాచ్‌లు హైదరాబాద్‌లో పెట్టారు. ఆగస్టు వానలకు గ్రౌండ్ పాడైపోవడంతో ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ తజికిస్థాన్‌ను 4-1తో ఓడించారు. ఛెత్రి హ్యాట్రిక్, భూటియా ఒకటి. ఆ గెలుపే మనల్ని ఖతార్ చేర్చింది.

ఇప్పుడు ఆసియాలో ఎవరు బలంగా ఉన్నారు?

కప్పుల లెక్కలో జపాన్ ముందుంది: 1992, 2000, 2004, 2011. సౌదీ అరేబియా, ఇరాన్ చెరి మూడు. విచిత్రం ఏమిటంటే, ప్రపంచకప్‌కు క్రమం తప్పకుండా వెళ్ళే కొరియా 1960 తర్వాత ఆసియా కప్పు గెలవనే లేదు. జపాన్ 1992 దాకా ఒక్కటీ గెలవలేదు. 1962లో మనం ఎక్కడున్నామో, వాళ్ళెక్కడున్నారో గుర్తు తెచ్చుకోండి. ప్రొఫెషనల్ లీగ్, స్కూల్ ఫుట్‌బాల్, కోచ్‌ల శిక్షణ, వీటి మీద ఓపికగా పనిచేశారు. మనం ఆ పనిని వాయిదా వేస్తూ వచ్చాం.

ఖతార్ 2019లో జపాన్‌ను, 2023 కప్పులో జోర్డాన్‌ను రెండుసార్లూ 3-1తో ఓడించి గెలిచింది. జోర్డాన్ మీద మూడు గోల్స్ అక్రం అఫీఫ్ పెనాల్టీలే.

నన్ను ఎక్కువగా కదిలించింది 2007 ఇరాక్. దేశం యుద్ధంతో ముక్కలై ఉంది. జట్టులో సున్నీలు, షియాలు, కుర్దులు కలిసి ఆడారు. సెమీస్ గెలిచిన రోజు బాగ్దాద్‌లో సంబరాలు చేసుకుంటున్న జనం మీద బాంబులు పేలాయి. అయినా జకార్తా ఫైనల్‌లో సౌదీని 1-0తో ఓడించారు. కుర్దు ఆటగాడు హవార్ ముల్లా మహమ్మద్ కొట్టిన కార్నర్‌ను కెప్టెన్ యూనిస్ మహమూద్ తలతో గోల్‌లోకి పంపాడు.

ఇజ్రాయెల్ ఆసియా కప్పు గెలిచిందా? మరి యూరప్‌లో ఎందుకు ఆడుతోంది? ఆస్ట్రేలియా ఆసియాలో ఎందుకుంది?

1964లో గెలిచింది. అరబ్ దేశాలు, మరికొన్ని దేశాలు దానితో ఆడబోమనడంతో 1974లో ఏఎఫ్‌సీ నుంచి తొలగించారు. చాలా ఏళ్ళు ఇల్లు లేనట్టే తిరిగి, 1990ల్లో యూరప్ సమాఖ్యలో చేరింది. ఆస్ట్రేలియా ఓషియానియాలో పోటీ సరిపోక 2006లో ఆసియాకు వచ్చింది, 2015లో సొంతగడ్డ మీద కొరియాను 2-1తో ఓడించి కప్పు గెలిచింది.

యూరో కప్పు గురించి చెప్పండి.

టీవీలో అందరూ చూసేదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1960లో ఫ్రాన్స్‌లో మొదలైంది, సోవియట్ యూనియన్ మొదటి విజేత. స్పెయిన్ నియంత ఫ్రాంకో తన జట్టును మాస్కోకు పంపనందువల్ల సోవియట్‌కు ఒక రౌండ్ ఆడకుండానే కలిసొచ్చింది. 1968 సెమీస్‌లో ఇటలీ, సోవియట్ సమానంగా నిలిస్తే బొమ్మా బొరుసూ వేసి ఇటలీని ఫైనల్‌కు పంపారు. అప్పట్లో పెనాల్టీ షూటౌట్ లేదు. 1992లో డెన్మార్క్ అసలు క్వాలిఫై కాలేదు. యుద్ధం వల్ల యుగోస్లావియాను తప్పించి చివరి నిమిషంలో పిలిస్తే వచ్చి, ఫైనల్‌లో జర్మనీని 2-0తో ఓడించింది. 2004లో గ్రీస్ కూడా ఇలాగే ఎవరూ ఊహించని విజేత. స్పెయిన్ 2024లో ఇంగ్లండ్‌ను ఓడించి నాలుగో కప్పు గెలిచింది, అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు.

ఆఫ్రికా కప్పు?

దీని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడుకుంటారు, కానీ తెలుసుకోవాల్సింది చాలా ఉంది. 1957లో సూడాన్‌లోని ఖార్టూమ్‌లో మొదలైంది. ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా ఆడాయి. నాలుగోది దక్షిణాఫ్రికా కావాలి. తెల్లవాళ్ళ జట్టుగానో నల్లవాళ్ళ జట్టుగానో వస్తాం, కలిపి మాత్రం పంపం అన్నారు వాళ్ళ పాలకులు. ఆఫ్రికా సమాఖ్య ఒప్పుకోలేదు. అప్పటికి ఆఫ్రికాలో చాలా దేశాలకు స్వాతంత్ర్యమే రాలేదు. అయినా మూడు జట్లతోనే కప్పు నడిపించారు. వర్ణవివక్ష పోయాక 1996లో దక్షిణాఫ్రికా ఆతిథ్యమిచ్చి, ట్యునీషియాను 2-0తో ఓడించి, మండేలా ముందు కప్పు ఎత్తింది.

జాంబియాది ఇంకో కథ. 1993 ఏప్రిల్‌లో వాళ్ళ జట్టు విమానం గాబన్‌లోని లిబ్రెవిల్ నుంచి బయల్దేరగానే సముద్రంలో కూలింది. 18 మంది ఆటగాళ్ళతో సహా అందులో ఉన్నవాళ్ళంతా చనిపోయారు. యూరప్‌లో ఆడుతున్న కలూషా బ్వాల్యా ఆ విమానంలో లేడు. మిగిలినవాళ్ళతో కొత్త జట్టు కట్టి, మరుసటి ఏడాదే ఆఫ్రికా కప్పు ఫైనల్‌కు తీసుకెళ్ళాడు. ఆ ఫైనల్‌లో నైజీరియా గెలిచింది. 2012లో జాంబియా మళ్ళీ ఫైనల్‌కు వచ్చింది, అదే లిబ్రెవిల్‌లో. ఐవరీ కోస్ట్‌ను పెనాల్టీల్లో 8-7తో ఓడించింది. అప్పుడు ఆ దేశ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు కలూషాయే.

అందరికన్నా ఎక్కువ కప్పులు ఈజిప్టువి, ఏడు.

ఉత్తర అమెరికా, పసిఫిక్ దీవుల కప్పులు?

ఉత్తర అమెరికాది గోల్డ్ కప్. ఆ పేరు 1991 నుంచి. మెక్సికో ఎక్కువసార్లు గెలిచింది. ఓషియానియాలో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాక న్యూజిలాండ్‌దే పైచేయి. 2012లో మాత్రం తాహితి అనే చిన్న దీవి గెలిచి, మరుసటి ఏడాది ఖండ విజేతలు ఆడే కాన్ఫెడరేషన్స్ కప్‌లో స్పెయిన్‌తో ఆడి 0-10తో ఓడింది. నైజీరియా మీద ఆ జట్టు ఒక గోల్ కొడితే స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది.

‘2023 ఆసియా కప్పు’ 2024లో ఎందుకు జరిగింది?

చైనాలో జరగాలి. కోవిడ్ వల్ల వాళ్ళు తప్పుకున్నారు. ఖతార్‌కు మార్చారు. అక్కడ ఎండాకాలం ఆడలేరు కాబట్టి జనవరికి జరిపారు, పేరు మాత్రం ఉంచేశారు. 2021లో ఆడిన ‘యూరో 2020’ సంగతీ అంతే.

అమ్మాయిల జట్టు పరిస్థితి?

మగవాళ్ళ జట్టు ఆసియా కప్పులో ఒకసారే రన్నరప్, అమ్మాయిలు రెండుసార్లు. మన దేశంలో కాలికట్‌లో జరిగిన టోర్నీలో తైవాన్ చేతిలో, 1983లో థాయిలాండ్ చేతిలో ఫైనల్ ఓడారు. ఇది ఎంతమందికి తెలుసు? 2022లో మన దేశమే ఆతిథ్యమిస్తే, శిబిరంలో కోవిడ్ వ్యాపించి జట్టు మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. 2025 జులైలో థాయిలాండ్ వెళ్ళి, థాయిలాండ్‌నే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పుకు అర్హత సాధించారు. సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్ కొట్టింది. జాతీయ జట్టుకు ఆడే గుగులోత్ సౌమ్యది మన నిజామాబాద్ జిల్లా, తండా నుంచి వెళ్ళిన అమ్మాయి. మన దేవరకొండ, కొల్లాపూర్ వైపు తండాల్లో బంతి తంతున్న ఆడపిల్లలకు ఆమె పేరు చెప్పండి.

2027 ఆసియా కప్పులో ఇండియా ఉందా?

లేదు. సౌదీలో జరిగే ఆ కప్పుకు క్వాలిఫయింగ్‌లో బంగ్లాదేశ్, హాంకాంగ్, సింగపూర్ ఉన్న గ్రూపు మనది. గెలవాల్సిన గ్రూపే. హాంకాంగ్‌లో 0-1, గోవాలో సింగపూర్ చేతిలో 1-2, ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. 24 జట్లు ఆడే కప్పుకు కూడా చేరలేకపోవడం మనం తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు.

ఇండియా మ్యాచ్ నేరుగా చూడాలంటే మనకు దగ్గర్లో ఎక్కడ?

గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. 2024 సెప్టెంబర్‌లో సిరియా, మారిషస్‌లతో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబర్‌లో మలేసియాతో 1-1 డ్రా మ్యాచ్ అక్కడే జరిగాయి. మహబూబ్‌నగర్ నుంచైనా నల్లగొండ నుంచైనా సుమారు వంద కిలోమీటర్లే. రాత్రి మ్యాచ్ అయితే తిరుగు బస్సు సంగతి ముందే చూసుకోండి.

మా ఊళ్ళో పిల్లవాడు బాగా ఆడతాడు. జాతీయ జట్టు దాకా దారి ఏది?

మొదటి దారి బడి. స్కూల్ గేమ్స్‌లో మండలం నుంచి పైకి వెళ్ళొచ్చు. 1960 నుంచి నడుస్తున్న సుబ్రతో కప్ స్కూల్ జట్ల కోసమే, దాని రాష్ట్ర పోటీలకు ప్రభుత్వ బడులు కూడా వెళ్ళొచ్చు. రెండోది జిల్లా ఫుట్‌బాల్ సంఘం సెలక్షన్లు. అక్కడి నుంచి రాష్ట్ర సబ్ జూనియర్, జూనియర్ జట్లు, పెద్దయ్యాక రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ. హైదరాబాద్ జట్టు 1950ల్లో వరుసగా రెండేళ్ళు గెలిచిన ట్రోఫీ అది. అమ్మాయిలకూ ఇవే మెట్లు.

సెలక్షన్‌కు వెళ్ళే ముందు జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు మూడింటిలో పుట్టిన తేదీ ఒకటేనా చూసుకోండి. ఆట బాగుండీ తేదీల తేడా వల్ల వెనక్కి వచ్చే పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. ఆధార్‌లో తప్పుంటే మీసేవకో ఆధార్ కేంద్రానికో ఇప్పుడే వెళ్ళండి, సెలక్షన్ల వారంలో పరిగెత్తితే పని కాదు. సెలక్షన్ తేదీలు బడి పీఈటీ సార్‌కు ముందు తెలుస్తాయి, ఆయన్ను అడుగుతూ ఉండండి.